చెరగని అంచు

మధ్యాహ్నం మూడు గంటలకు ఒకావిడ ఫోను చేసి, మీ పాటలో ఉన్న గొంతు మా అమ్మది అని చెప్పింది. నాలుగింటికి వస్తానంది. అతను సరే అన్నాడు.

సరే అన్నాక, ఫోను బల్ల మీద పెట్టాక, ఆమె చెప్పినవన్నీ మళ్ళీ ఒక వరసలో పెట్టుకున్నాడు. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, పొద్దున ఎవరిదో ఫ్రేముకు స్క్రూ బిగిస్తుంటే రేడియోలో ఈ పాట వచ్చింది, స్క్రూ చేతిలోంచి జారిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆమె మూడో తరగతి. ఫొటోలున్నాయి. గొంతు లేదు. వాళ్ళమ్మ ఇస్త్రీ చేస్తూ పెదాలు కదపకుండా కూనిరాగం తీసేదట, ఇస్త్రీపెట్టె ఎత్తినప్పుడు ఆపి, దించినప్పుడు మళ్ళీ అందుకునేదట. "నాకు డబ్బు వద్దండీ, పేరు వెయ్యమనీ అడగను. పాటలో ఉన్నది ముక్కేగా. ముక్క ఉందంటే మిగతాది కూడా మీ దగ్గరే ఉండాలిగా. అది వినిపించండి చాలు" అంది. ఉంది, వినిపిస్తాను అన్నాడు. ఉందో లేదో అప్పటికి అతనికి తెలియదు.

ముక్కలు కొయ్యడం అతని పని. పాత రికార్డులోంచి ఒక డ్రమ్ము దెబ్బ, ఎవరో పారేసిన టేపులోంచి ఒక దగ్గు, ఒక తలుపు మూసిన చప్పుడు, పాడేవాళ్ళు పాట ఎత్తుకునే ముందు పీల్చిన గాలి, ఇవన్నీ కోసి, సాగదీసి, తిరగేసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పాట చేస్తాడు. తోటివాళ్ళు అతన్ని కత్తెర అంటారు. మొదట వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అదే పేరయింది, ఇప్పుడు పోస్టరు మీద కూడా అదే వేస్తున్నారు. అక్క మాత్రం పేరు పెట్టి పిలవదు, ఒరేయ్ అంటుంది. "ఊరందరి చింకిగుడ్డలూ ఏరుకొచ్చి బొంత కుట్టావు, బానే ఉందిరా, కప్పుకుంటాం. బట్ట నేశానని మాత్రం చెప్పకు" అంటుంది. బొంతకు కుట్టు ఉంటుందిగా అక్కా, ఆ కుట్టు నాదేగా అంటే, "దారం ఎవరిది?" అనేది. దానికి అతని దగ్గర జవాబు ఉండేది కాదు. ఈ పాట వచ్చేదాకా ఉండేది కాదు. ఈ పాట మధ్యలో, గొంతు ఆగిపోయాక, కీబోర్డు మీద ఒక బాణీ వస్తుంది. అది ఎక్కడనుంచీ కోసింది కాదు. అది విన్న రోజు అక్క, "ఆ మధ్యలోది మళ్ళీ పెట్టరా" అంది, పెట్టాక, "ఇదొక్కటి నీదే" అంది. అక్క నోట అలాంటి మాట రావడం అదే మొదలు. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే అతనికి ముందు ఆ మాట గుర్తొస్తుంది, తర్వాతే మిగతావి.

టేపు అల్మారా పై అరలో ఉంది. పాత సామాన్ల దుకాణంలో బిస్కెట్ల డబ్బాలో దొరికింది. డబ్బా మీద అంటించిన కాగితం ఎప్పుడో ఊడిపోయి జిగురు మాత్రం మిగిలింది, కాబట్టి ఎవరిదో తెలియదు, తెలుసుకోవాలనీ అప్పుడు అనిపించలేదు. రికార్డరుకు చక్రం తగిలిస్తూ, టేపు కొసను లాగి, దాన్ని చదివే, చెరిపే హెడ్ల మధ్యనుంచి పోనిస్తూ, మొదటిసారి విన్నప్పుడు ఏమేం ఉన్నాయో గుర్తు చేసుకోబోయాడు. ఒక స్త్రీ కూనిరాగం. వెనక కుట్టుమిషను. ఒక తలుపు. ఆ తర్వాత ఏముందో గుర్తు రాలేదు. అతని పనిలో వినడం అలాగే ఉంటుంది, చెవి కొయ్యాల్సిన చోటు కోసం కాచుకుని ఉంటుంది, ఆ చోటు దొరికిందాకా వచ్చేదీ, దొరికాక వచ్చేదీ పక్కనుంచి పోతుంటాయి. పెళ్ళిచూపులకు వెళ్ళినవాడు ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పలేనట్టు. దొరికిన ముక్కను కంప్యూటరులోకి తీసుకున్నాడు. అసలు వేగంలో ఆ గొంతు సన్నగా, తొందరగా ఉంది, పాటలో కూర్చోలేదు. వేగం తగ్గించాడు, ఇంకాస్త తగ్గించాడు, ఒక చోట అది దిగి, వెడల్పయి, ఒక మనిషి పక్కనే నిలబడి ఊపిరి వదిలినట్టయింది. అక్కడ ఆపాడు. రేడియోలో అందరూ విన్నది, స్క్రూ జారిపోయేలా ఆమె విన్నది, ఆ గొంతే.

ప్లే నొక్కాడు. డ్రమ్ములు వచ్చాయి.

అప్పుడు గుర్తొచ్చింది, గుర్తొచ్చిందనడం సరికాదు, ఫోనులో ఆమెతో ఉంది అని చెప్పినప్పటినుంచీ పక్కకు నెడుతున్నది ఎదురుగా వచ్చి నిలబడింది. డ్రమ్ములు టేపు మీదికి ఎక్కించి మళ్ళీ కంప్యూటరులోకి దించుకుంటే దెబ్బకు అంచు పోతుంది, తోలు తడిసినట్టు మోగుతుంది, ఈ పని చేసేవాళ్ళందరూ చేసేదే. ఆ రోజు డ్రమ్మరు వచ్చి కూర్చున్నాడు, కర్రలు చేతిలోకి తీసుకున్నాడు, ఖాళీ టేపు లేదు. డబ్బాలోంచి ఇది తీశాడు. డ్రమ్మరు అడిగాడు కూడా. "అందులో ఏమైనా ఉందా అన్నా?"

"ఏం లేదు. కావలసింది తీసేసుకున్నా."

"మిగతాది?"

"మిగతాదంటే అదే, మిగతాది."

డ్రమ్మరు నవ్వాడు. "నువ్వు చేప తిని చెరువు పూడ్చే రకం" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. రికార్డు నొక్కారు. సాయంత్రందాకా వాయించారు. ఆ రోజు బాగా పని జరిగిందని ఇద్దరూ అనుకున్నారు, నిజంగానే జరిగింది.

ఇప్పుడు ఆ డ్రమ్ములు వస్తూనే ఉన్నాయి. ఆవిడకు ఏం చెప్పాలి, ఉందన్నాను, లేదు, చెరిపేశాను, పొరపాటున కాదు, పనికోసం. కళ్ళజోళ్ళ దుకాణం మూసి వస్తుందేమో, సెలవడిగి వస్తుందేమో, ఎవరైనా తోడు వస్తారేమో, ఏడుస్తుందేమో, ఏడవకపోతే ఇంకా కష్టం. డ్రమ్మరు ఒకచోట కర్ర జారి ఆగాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఏదో కదిలింది. అతను శబ్దం పెంచాడు. స్పీకర్లు బుసకొట్టాయి, ఆ బుస వెనక, గోడకు అవతలి ఇంట్లోంచి వచ్చినట్టు, ఒక స్త్రీ కూనిరాగం.

టేపు ఆపాడు. మెడ వెనక చెమట తుడుచుకున్నాడు. చెవులతో పనిచేసే మనిషి కాబట్టి భయం కంటే ముందు కారణం వెతికాడు, కారణం దొరికింది. రికార్డరు ముందు మూత తీసి చూస్తే పాతదాన్ని చెరిపే హెడ్ ఒక పక్కకు ఒరిగి ఉంది. టేపు పై అంచున వెంట్రుకంత పట్టీ దానికి తగలలేదు. అంటే డ్రమ్ముల కింద ఆమె మొదటినుంచి చివరిదాకా ఉంది. డ్రమ్మరు కొడుతున్నప్పుడూ ఉంది, వాళ్ళిద్దరూ నవ్వినప్పుడూ ఉంది, ఆ డ్రమ్ములు పాటలో పెట్టి ఊరి మీదికి వదిలినప్పుడు కూడా, ఎవరికీ వినబడనంత కింద, ఉంది. కారణం దొరికాక భయం పోవాలి. పోలేదు. కంప్యూటరులో అతనికి ఊపిర్లని ఒక ఫోల్డరు ఉంది, పాడేవాళ్ళు పాటకు ముందు పీల్చిన గాలి, అంతవరకే కోసి దాచుకున్నవి. వాటిని పాటల్లో ఇరికిస్తాడు, వినేవాళ్ళకు ఎందుకో తెలియకుండా గుండె ఒకసారి ఆగుతుంది. ఆ గాలి పీల్చినవాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు బతికి లేరు. పీల్చారు, వదలడానికి ముందు అతను కోసేశాడు. చిన్నప్పుడు నాన్న బస్సు తోలి ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఒక ఊపిరి తీసుకునేవాడు, లోపలికి రాబోయే ముందు, ఏదో చెప్పబోతున్నట్టు, చెప్పేవాడు కాదు. ఆ ఊపిరి అతని దగ్గర లేదు. ఉన్నవన్నీ పరాయివాళ్ళవి.

మళ్ళీ నొక్కాడు. పైస్వరాలు తగ్గించి, డ్రమ్ముల మోతను ఎంత అణచగలడో అంత అణచి, ముందుకు వంగి విన్నాడు. కుట్టుమిషను నడుస్తోంది. ఆమె రాగం తీస్తోంది. ఇది అతను కోసిన చోటు, ఇక్కడ మొదలు, ఇక్కడ కొస. కొస దాటింది. ఇక్కడినుంచి తనకు తెలియదు. మిషను ఆగింది, గుడ్డ తిప్పుకుంటున్నట్టుంది. తలుపు మూశారు ఎవరో. ఆమె ఆగింది. డ్రమ్ము దెబ్బలు. దెబ్బల మధ్య మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి పైనుంచి, పైనుంచి ఒక్కో మెట్టూ దిగి, ఆఖరి మెట్టు మీద నిలబడకుండా మళ్ళీ సగం ఎక్కి ఆగింది.

అది అతని బాణీ.

టేపు ఆపలేదు. ఆమె దాన్ని మళ్ళీ పాడింది. మూడోసారి కూడా పాడింది, మూడోసారి చివర ఒక చిన్న మెలిక వేసింది. అది అతను వెయ్యలేదు, అది తన బాణీకి లేని మెలిక, బాగుంది, తనకు తట్టి ఉంటే తనూ వేసేవాడు. మొదట అనుకున్నాడు, ఇది నా గొంతే, డ్రమ్ముల రోజు గదిలో నేనే కూనిరాగం తీసి ఉంటాను, అది మైకులో పడి ఉంటుంది. కానీ కింద మిషను నడుస్తోంది. ఈ గదిలో కుట్టుమిషను ఎప్పుడూ లేదు. తర్వాత అనుకున్నాడు, అందరికీ తెలిసిన పాటేమో, ఎక్కడో గాలిలో ఉన్నదే ఆమె పాడింది, అదే గాలి తనకూ తగిలింది. ఆ బాణీ వచ్చిన పొద్దు అతనికి బాగా గుర్తు, దాన్ని ఎంతమందికి చెప్పాడో. స్నానానికి బకెట్టు పట్టుకుంటున్నాడు, బకెట్టు నిండేకొద్దీ నీళ్ళ చప్పుడు పైకెక్కుతోంది, అది పైకెక్కుతుంటే తనకు దిగాలనిపించింది, దిగాడు, మెట్టు మెట్టుగా, కుళాయి కట్టకుండా తడికాళ్ళతో ఈ గదిలోకి పరిగెత్తాడు, నీళ్ళు వసారా దాకా పారాయి. ఆ నీళ్ళు తుడిచింది కూడా గుర్తుంది. గుర్తులేనిది ఒకటే, ఆ పొద్దుకు ముందు ఎప్పుడో ఈ టేపు చివరిదాకా తిరిగింది. తను ఇక్కడే ఉన్నాడు. కొయ్యాల్సింది దొరికేసింది కాబట్టి వినలేదనుకున్నాడు.

చిన్నప్పుడు అమ్మ దగ్గర విన్న బాణీయేమోనని అక్కకు ఫోను చేశాడు.

"అక్కా, అమ్మ ఎప్పుడైనా పాటలు పాడేదా? ఇలా..." అని బాణీ వినిపించాడు నోటితో.

"అమ్మా? పాటా? అమ్మ పాడగా నేను విన్నవి తిట్లే. తాళం మాత్రం తప్పేది కాదు." నవ్వింది. "అది నీ పాటలోదేగా. ఏమైందిరా, గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదు."

"నువ్వు ఏం లేదన్నావంటే కొంప మునిగిందన్నమాట. ఎవరైనా వచ్చారా మాదీ అని?"

"వస్తున్నారు. ఆ గొంతు వాళ్ళమ్మదట."

"అయితే ఒప్పుకో. కాదని వాదించకు, తల్లి గొంతు పిల్లలకు తెలీదా. క్షమించమని అడుగు, ఏం కావాలో ఇచ్చెయ్. ఆ మధ్యలోది మాత్రం ముట్టుకోనివ్వకు. ఒరేయ్, వింటున్నావా? అదొక్కటి నీది."

వింటున్నాను అన్నాడు. పెట్టేశాడు. గదిలో స్పాంజి అంటించిన గోడలు, చప్పుడు బయటికి పోదు, బయటిది లోపలికి రాదు, తన ఊపిరి తనకు వినబడుతోంది. ఆమె వస్తుంది, వినిపిస్తే వింటుంది. మొదటి ముక్క వింటుంది, తలుపు వింటుంది, తర్వాత వాళ్ళమ్మ పైనుంచి మెట్టు మెట్టుగా దిగుతుంది. ఆమెకు తెలిసిపోతుంది. పాటంతా తెలుసు ఆమెకు, పొద్దుటినుంచి ఎన్నిసార్లు విని ఉంటుందో. వినిపించకపోతే? డ్రమ్ములే ఉన్నాయి చూడండి, పోయింది, క్షమించండి అంటే నమ్ముతుంది, డ్రమ్ములు ఉన్నమాట నిజమే. శబ్దం పెంచకుండా ఉంటే చాలు. కానీ టేపు ఉంటుంది. అల్మారాలో ఉంటుంది, రాత్రీ పగలూ ఉంటుంది, తను లేనప్పుడూ ఉంటుంది. స్క్రూడ్రైవరు సొరుగులో ఉంది. హెడ్ పక్కన స్క్రూ ఒకటే. కాస్త తిప్పితే హెడ్ నిటారుగా నిలబడుతుంది, రికార్డు నొక్కి వదిలేస్తే అంచుతో సహా ఆమె పోతుంది, ఈసారి కారణం కూడా మిగలదు. స్క్రూడ్రైవరు తీశాడు. కొన స్క్రూ గాడిలో కూర్చుంది. పోతే ఎవరికి పోయినట్టు, చనిపోయినావిడకు తన బాణీతో పనేముంది, కూతురికి గొంతే కావాలంది, బాణీ అడగలేదు. చెరిపితే గొంతు కూడా పోతుంది. కూతురికి ఉన్నది ఇదొక్కటే. తనకు ఉన్నదీ ఇదొక్కటే. రెండూ ఒకే వెంట్రుకంత పట్టీ మీద ఉన్నాయి, వాటిని విడదీసే కత్తెర లేదు. స్క్రూ బిగుసుకుని ఉంది. ఇంకాస్త నొక్కి తిప్పాలి.

తలుపు కొట్టారు. స్క్రూడ్రైవరు సొరుగులో పడేసి వెళ్ళి తీశాడు.

ఆమె ఒక్కతే వచ్చింది. దుకాణం పేరున్న ఆప్రాను తియ్యడం మరిచిపోయి వచ్చింది, గుమ్మంలో చూసుకుని తీసి సంచిలో పెట్టుకుంది. చెప్పులు ఎక్కడ విడవమంటారని అడిగింది. కుర్చీ చూపించాడు. కూర్చోకుండా రికార్డరు ముందు నిలబడింది. "ఇందులోనా?" అంది. ఇందులోనే అన్నాడు. పైన డ్రమ్ములు ఉంటాయి, మేమే చెరిపాం, కింద కాస్త మిగిలింది, గొంతు అసలు వేగంలో ఉంటుంది, అని ఇన్ని ముక్కలుగా చెప్పాడు. ఆమె తలాడించింది. అతను టేపు మొదటికి తిప్పాడు. శబ్దం ఎంత పెంచాలో అంతా పెంచాడు. పెంచకుండా ఉండొచ్చని ఆ క్షణంలో కూడా గుర్తొచ్చింది.

మిషను నడిచింది. రాగం వచ్చింది. తలుపు మూశారు. బాణీ వచ్చింది, దిగింది, సగం ఎక్కి ఆగింది. అతను నేల చూస్తున్నాడు. మూడోసారి మెలిక దగ్గర తలెత్తి ఆమెను చూశాడు. ఆమె ముఖంలో ఏమీ లేదు.

"ఇదెవరండీ?" అంది.

"మీ అమ్మగారు."

"కాదండీ. ఈవిడెవరో. మా అమ్మ కాదు."

"పాటలో ఉన్న గొంతు ఇదే. నేను వేగం తగ్గించాను, అంతే."

"పాటలోది మా అమ్మే. నాకు తెలీదా?" ఆమె గొంతు పెరిగింది, వెంటనే తగ్గించుకుంది. "ఇది కాదు."

అతను రికార్డరు వేగం మార్చే మీటను పట్టుకుని, పాటలో ఉన్నంతకు దించాడు. డ్రమ్ములు కూడా నెమ్మదించాయి, ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు. గొంతు దిగింది, వెడల్పయింది. ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఆఁ" అంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విన్నది. తలుపు చప్పుడు దగ్గర కళ్ళు మూసుకుంది. టేపు చివరికి వచ్చి కొస ఊడి తిరుగుతుంటే అతను ఆపాడు.

"అంటే అసలు ఇది వేరే ఎవరో" అంది.

"అవునండీ."

"మీరు దించితే మా అమ్మ అయింది."

అతను ఊడిన టేపు కొసను మళ్ళీ చక్రానికి తగిలించాడు.

"ఆవిడ బతికే ఉందంటారా?"

"తెలీదు. డబ్బా మీద పేరు లేదు."

ఆమె రికార్డరు వైపు చూస్తూ కూర్చుంది. అతను నిలబడే ఉన్నాడు. ఆమె ఏమైనా అడుగుతుందని చూశాడు, అడగలేదు. ఆ బాణీని ఆమె వినలేదని, విన్నా పట్టించుకోలేదని, తను నోరు విప్పకపోతే ఇక ఎవరూ విప్పరని అతనికి అర్థమైంది.

"ఒక మాటండీ. పాట మధ్యలో కీబోర్డు మీద ఒక బాణీ ఉంటుంది. నేను కట్టాననే అనుకున్నాను. అందరికీ అలాగే చెప్పాను. అది ఈవిడది."

"ఏ బాణీ?"

నోటితో వినిపించాడు. ఆమె తల ఒక పక్కకు వంచి విని, "ఓ, అదా" అంది. రికార్డరు వైపు చూసి, "ఆవిడెవరో మనకు తెలీదుగా" అంది.

"తెలీదు."

"మరి ఎవరికి చెప్తారు?"

అతను వెళ్ళి గాలి కోసం తలుపు తెరిచాడు. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు, కొట్టి కొట్టి వదిలేశారు. ఆమె లేచి సంచి భుజానికి వేసుకుంది, మళ్ళీ దించింది.

"నాకొక కాపీ ఇస్తారా? మీరు దించిందే ఇవ్వండి. అసలుది వద్దు."

అతను టేపు మళ్ళీ మొదటికి తిప్పి, దించిన వేగంలో, కంప్యూటరులోకి ఎక్కించాడు. అది ఎక్కుతూనే స్పీకర్లలో వినబడింది. పైనుంచి మెట్టు మెట్టుగా దిగే చోట ఆమె పెదాలు కదపకుండా గొంతు కలిపింది, మెలిక దగ్గర తప్పింది, మళ్ళీ అందుకుంది. అయిపోయాక అతను కంప్యూటరు కీబోర్డు దగ్గరికి వంగాడు.

"ఫైలుకు ఏం పేరు పెట్టమంటారు?"

"అమ్మ అని పెట్టండి."

అతను అమ్మ అని టైపు చేశాడు. పంపాడు. ఆమె ఫోను తెరిచి చూసుకుని, వచ్చిందండీ అంది.